దొరసాని బల్లకు శనివారం నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ పడుకోని మంచం ఒకటి ఉండేది. అది మా అమ్మది. అమ్మ పోయిన తర్వాత మా తాతయ్య, అంటే అమ్మను కన్న తండ్రి, దాన్ని నడవలో గోడకు ఆనించి నిలబెట్టాడు. పోయినవాళ్ళ మంచం ఇంట్లో ఉంచుకోకూడదు, ఎవరికైనా ఇచ్చెయ్యమని ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పారు. తాతయ్య ఊ అన్నాడు, ఇవ్వలేదు. ఎదుటివాళ్ళు చెప్పినదానికి ఊ అనడం, తాను అనుకున్నది చెయ్యడం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం.

మంచానికీ గోడకూ మధ్య ఒక సందు ఏర్పడింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల ముడుచుకుని కూర్చుంటే సరిగ్గా పట్టేంత సందు. అదే నా ఇల్లు. లోపల కూర్చుంటే నులక సందుల్లోంచి వెలుతురు గళ్ళుగళ్ళుగా ఒంటిమీద పడేది. అమ్మ వక్కాకు వేసుకునేది. ఆకుకు రాయగా వేలికి మిగిలిన సున్నాన్ని మంచం కోడుకు, అంటే కాలికి, తుడిచేది. ఎన్ని ఏళ్ళు అలా తుడిచిందో, ఒక కోడు మీద ఆ తెలుపు చెక్కలోకి ఇంకిపోయింది. నేను ఆ మరక మీద వేలు పెట్టుకుని పొద్దుపొద్దంతా కూర్చునేదాన్ని. అమ్మ రెండో కానుపులో పోయింది, బిడ్డా దక్కలేదు. మా నాన్న డోనులో రైలుపట్టాల పని చేసేవాడు. దినాలకు వచ్చాడు, వెళ్ళాడు, అక్కడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడని కబురు మాత్రం వచ్చింది. నేను తాతయ్య దగ్గర మిగిలిపోయాను.

మాది కోడుమూరు వైపు ఒక పల్లె. మూడొంతులు రాళ్ళు, ఒక వంతు జొన్న. తాతయ్య వడ్లపని, అంటే వడ్రంగం, చేసేవాడు. నాగళ్ళు, గుంటకలు, బండి చక్రాలు, తలుపులు, అన్నీ ఆయన చేతి మీదే. పనిలో ఉంటే ఆయనకు మాట ఉండదు, పని లేనప్పుడు నిద్ర. ఇక నాతో మాట్లాడేది ఎవరు? ఊళ్ళో పిల్లలు లేక కాదు. వాళ్ళందరికీ పనులు ఉండేవి. ఒకతి నీళ్ళకు పోయేది, ఒకతి పేడకళ్ళు ఎత్తేది, ఒకతి చంకలో తమ్ముణ్ణి మోసేది. ఆ పనుల్లోనే వాళ్ళ ఆటలన్నీ ఉండేవి. నేను బిందె పట్టుకుని వెనకపడితే వాళ్ళ తల్లులు నా చేతిలోది లాక్కుని, "తల్లి లేని పిల్లవి, నీకెందుకు తల్లీ ఈ పాట్లు, పొయ్యి కూచోపో" అని బుగ్గలు నిమిరేవాళ్ళు. ఎంత మంచివాళ్ళో! ఆ నిమిరే చేతులంటే నాకు ఒళ్ళు మండేది. ఊరంతా నన్ను చూసి జాలిపడేది, ఒక్కరు కూడా పని చెప్పేవారు కాదు. పని లేనివాళ్ళను ఎవరూ పిలవరు. అందుకని నేను పోయి మంచం సందులో కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లో కర్నూలు బాట మీద, ఊరికి ఆవల, ఒక రాళ్ళగుట్ట పక్కన దొరల బంగళా ఉండేది. చర్చి పని చూసుకునే దొరా దొరసానీ అందులో ఉండేవారు. పిల్లలు లేరు. మా అమ్మ పోయిన మరుసటి ఏడాది ఆ దొర జ్వరంతో పోయాడు. బంగళా వెనకాలే సమాధి కట్టారు. యుద్ధం వచ్చి ఓడలు సరిగ్గా తిరగడం లేదు, దొరసాని వాళ్ళ దేశానికి పోలేక అక్కడే ఉండిపోయింది. చర్చికి వచ్చే ఆడవాళ్ళు మొదట్లో గుంపుగా పోయి ఆమె చుట్టూ కూర్చుని ఏడ్చి వచ్చేవారట. ఆమె అందరికీ టీ ఇచ్చి, "నేను బాగున్నాను, మీరు వెళ్ళవచ్చును" అనేదట. రానురాను పోవడం మానుకున్నారు. నాకు ఆమెను గురించి అంతకంటే తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఒక రోజు బంగళా వంటమనిషి వచ్చి, దొరసానమ్మకు ఏదో బల్ల కావాలట, రమ్మంటోందని తాతయ్యకు చెప్పాడు. తాతయ్య కొలబద్ద చంకలో పెట్టుకుని, నన్ను వెంట రమ్మన్నాడు. రానన్నాను. ఊ అని నా చెయ్యి పట్టుకుని నడిచాడు.

దొరసాని వసారాలో కూర్చుని ఉంది. సన్నగా, ఎండిన జొన్నదంటులాగా పొడుగ్గా ఉండేది. రెండు పెద్ద కుర్చీలు పక్కపక్కనే వేసి ఉన్నాయి. ఒకదాంట్లో ఆమె. రెండోది ఖాళీ. తాతయ్య కొలత తీయడానికి ఆ ఖాళీ కుర్చీని కాస్త జరపబోతే, ఆమె చటుక్కున లేచి కుర్చీ చేతి మీద అరచెయ్యి ఆనించింది. తాతయ్య జరపకుండానే వంగి కొలుచుకున్నాడు. ఆయన ఆ కుర్చీని, ఆ చేతిని, ఆ తర్వాత నన్నూ ఒక మారు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది, అప్పుడు అర్థం కాకపోయినా.

ఆమె ఒక ఫోటో చూపించింది. చిన్నది, పసుపు రంగుకు తిరిగింది. వాళ్ళ దేశంలో వాళ్ళ నాన్న ఇల్లట. చెక్కల ఇల్లు, ముందర వసారా, ఇంత టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, ఆయన పక్కన ఒక చిన్న బల్ల. వాళ్ళవి ఆవుల మందలూ గుర్రాలూ ఉండే బీడు ప్రాంతమట. ఆ బల్లను వాళ్ళ నాన్న పాత బండి పలకతో, చిరిగిన జీను తోలుతో, ముందువైపు ఒక గుర్రపు లాడం కొట్టి చేశాడని ఆమె చెప్పింది. ఆమె తెలుగు పుస్తకం లోంచి లేచి వచ్చినట్టుండేది.

"ఇటువంటి బల్ల ఒకటి నాకు కావలెను. ఈ రెండు కుర్చీల నడుమ ఉండవలెను," అంది.

తాతయ్యకు ఆ ఫోటో శానాసేపు చేతిలోంచి విడవబుద్ధి కాలేదు. "దొరలు గూడా మన మాదిరే పాతసామాన్ల తోనే చేసుకుంటారా దొరసానమ్మా! నేనేమో మీకన్నీ కొత్తవే అనుకుంటి," అన్నాడు. ఫోటోలో లాడం గోరంత మచ్చలాగా ఉంది. అందుకని ఆమె సుద్దముక్క తెచ్చి వసారా బండల మీద పెద్దదిగా గీసి చూపింది. మెడలో కంటెలాగా, ఒకవైపు తెరుచుకున్న వంపు. తాతయ్య తల ఊపాడు.

దారిలో ఆయన తనలో తాను నవ్వుకుంటూ, "పాపం, ఆయమ్మ ఎద్దుకాలు ఎత్తి చూసిందా పెట్టిందా. లాడమంటే రెండు ముక్కలని తెలీదు, కలిపి ఒకటే గీసేసినాది," అన్నాడు. మా ఊళ్ళో ఎద్దులే తప్ప గుర్రాలు లేవు. ఎద్దుగిట్ట నడుమ చీలి ఉంటుంది, అందుకని దాని కాలికి రెండు అరముక్కలు కొడతారు. తాసిల్దారు గుర్రమెక్కి వచ్చేవాడు నిజమే. తాసిల్దారు గుర్రం కాలు ఎత్తి చూసే మగవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. సంతరోజు ఎద్దులకు లాడాలు కొట్టే సాయిబును అడిగివుంటే ఆయనే చెప్పేవాడు. తాతయ్య అడగలేదు. ఆ సాయిబు పారేసిన అరిగిన లాడాల్లోంచి ఒక జతను ఏరుకొచ్చి, దొరసాని పొరపాటును తాను దిద్దుతున్నానన్న సంతోషంతో నూనెగుడ్డ పెట్టి తుడిచాడు.

మిగిలినవి కూడా ఒకటొకటే వచ్చి చేరాయి. ఆ ఏడు వానలు లేక మా ఊరి కపిలబావి ఎండిపోయింది. నీళ్ళు తోడే తోలుతొండం పనిలేక చావడిలో వేలాడుతుంటే రైతును అడిగి అది తెచ్చాడు. విరిగిన బండి చక్రం ఇనుపకట్టును కొలిమిలో సాగదీయించి సన్నటి పట్టీ చేయించాడు. పైన పలకకు బదులు కడప బండ వేస్తానన్నాడు, వేడి టీ గిన్నె పెట్టినా మచ్చ పడదని. ఎవరి ఇంటి అరుగుకో వెయ్యగా మిగిలిన ముక్కను తెచ్చి, ఇసకా నీళ్ళూ పోసి రోజుల తరబడి రుద్దాడు. ఇక కట్టె కావాలి.

ఆ పొద్దున నేను లేచేసరికి తాతయ్య మంచాన్ని గోడనుంచి తీసి నడవలో పడేశాడు. నులక విప్పుతున్నాడు.

"ఏం చేస్తాండావు తాతా?"

"ఎండిన కట్టె లేదు మే. పచ్చికట్టె వేస్తే మన ఎండలకు నెర్రెలు ఇడిసిపోతాది. ఇది నేను చేసిన తుమ్మ మంచం, బాగా ఎండిండాది."

నేను అరవలేదు. పోయి ఆ మంచం చట్రంలో పడుకున్నాను. ఆయన నన్ను లేపలేదు, కసరలేదు. నా చుట్టూ ఉన్న నులకను విప్పుకుంటూ పోయాడు. చివరికి నా వీపు నేలకు తగిలింది. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ సందు ఒక్కటే. అది కూడా ఎవరో తెల్లటి ముసలామె టీ తాగడానికి పోతోంది. ఇంతకంటే అన్యాయం నాకు తెలియదు. ఆ పూట తినలేదు, మరుసటి పూట కూడా తినలేదు. తాతయ్య సంకటిముద్ద నా ముందర పెట్టి, "మంచం పాయె గానీ కోళ్ళు యాడికీ పోవు," అని ఒక్క మాట అన్నాడు. ఆ మంచంకోళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలిసిన నాకు ఆ మాట ఇంకా మంట పెట్టింది.

ఆయన పని చేస్తున్నన్నాళ్ళూ నేను అటువైపు చూడలేదు. చిత్రిక చప్పుడు వినిపించినప్పుడల్లా ఆ సున్నం మరక పొట్టై ఎగిరిపోతోందని నా లెక్క. బయటికి పోయి రాళ్ళ మీద కూర్చునేదాన్ని. ఎండలో రాళ్ళూ నేనూ. ఆ రోజులంత ఒంటరి రోజులు నా బతుకులో మళ్ళీ రాలేదు, తాతయ్య పోయినప్పుడు కూడా.

బల్ల తయారైన రోజు చూడక తప్పలేదు, ఎందుకంటే దాన్ని మోస్తుంటే పక్కన నడవమన్నాడు. తాతయ్య మంచం పట్టెలను కోసి పొట్టిగా చేసి, అవే కోళ్ళకు, అవే బెజ్జాల్లోకి దించాడు. నులక ఉండాల్సిన చోట నల్లటి కడప బండ కూర్చుంది. దాని అంచు చుట్టూ ఇనుపపట్టీ. కింద తోలును వారులుగా కోసి, పుస్తకాలు పెట్టుకోవడానికి, అచ్చం నులకలాగే అల్లాడు. దొరల బల్ల అని పేరే గానీ అది మా అమ్మ మంచమే, చిన్నపిల్లయి కూర్చున్నట్టుంది. ముందువైపు పట్టె మీద ఎద్దులాడం రెండు ముక్కలూ ఎదురెదురుగా, నడుమ సన్నటి సందుతో, మేకులు కొట్టి ఉన్నాయి.

వసారాలో రెండు కుర్చీల మధ్య దించాక, దొరసాని దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఆ లాడం ముక్కల నడుమ సందులో వేలు పెట్టింది. ఏమిటని అడిగింది. తాతయ్య ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు, లాడమంటే ఇట్లుంటాదని వివరించాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. చెయ్యి తీసేసి గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ వచ్చాయి. వంటగదిలోంచి వంటమనిషి పరుగెత్తుకొచ్చి గడపలో నిలబడిపోయాడు. దొర పోయిన తర్వాత ఆమె నవ్వడం గానీ ఏడవడం గానీ ఆయన చూడలేదని తర్వాత తెలిసింది.

గుర్రపు గిట్ట చీలి ఉండదని, దానికి ఒకటే లాడమని ఆమె చెప్పాక తాతయ్య ముఖం చూడాలి. చెవులు ఎర్రబడ్డాయి. "కాలంతటికీ ఒకటేనా! ఎంత పని జేస్తి. పీకేస్తా దొరసానమ్మా, కర్నూలుకు పొయ్యి గుర్రానిదే తెస్తా," అని సంచిలో పటకారు వెదకబోయాడు.

"వద్దు, తీయవద్దు," అంది ఆమె. "మా నాయన ఆయన ఊరిలో దొరికినది కొట్టెను. మీరు మీ ఊరిలో దొరికినది కొట్టితిరి. ఇదియే సరి."

అప్పుడు తాతయ్య గొంతు సవరించుకుని, నేను ఊహించని మాట చెప్పాడు. ఈ తుమ్మకట్టెకు శనివారం శనివారం కుసుమనూనె పట్టించకపోతే పగిలిపోతుందట. బండకూ అంతే, నూనె లేకపోతే తెల్లబడుతుందట. వంటమనిషి చేతులు మొరటువి, పనికిరావట. దొరసానమ్మ పట్టించకూడదట, ఎందుకో మరి చెప్పలేదు. "ఈ పిల్ల చెయ్యి మెత్తగుండాది. వారానికోసారి పంపిస్తా," అన్నాడు.

నాకు మండిపోయింది. మంచం లాక్కున్నది చాలక దానికి చాకిరీ కూడానా! దొరసాని కూడా వద్దనబోయింది. పిల్లను అంతదూరం నడిపించడం ఎందుకంది. తాతయ్య బల్ల మీద చెయ్యి వేసి, "నెర్రె ఇడిస్తే నాకు మాటొస్తాది దొరసానమ్మా," అన్నాడు. పనివాడి పరువు మాట వచ్చాక ఇంకెవరు మాట్లాడతారు? ఇద్దరం ఒకరి ముఖం ఒకరు ఇష్టం లేకుండా చూసుకున్నాం.

మొదటి శనివారం గిన్నెలో నూనె, పాతపంచె పీలిక పట్టుకుని, దారి పొడుగునా తాతయ్యను తిట్టుకుంటూ పోయాను. ఆమె కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. తల ఊపింది. నేను కూర్చుని బండ తుడిచాను, పట్టెలు తుడిచాను. ఒకటొకటిగా కోళ్ళు తుడుచుకుంటూ వచ్చాను. అన్నీ నున్నగా, కొత్తగా, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. చివరి కోడు గోడవైపుది. గుడ్డ పెట్టి చుట్టూ తిప్పి, లోపలివైపు చూసేసరికి, అక్కడ తెల్లగా ఉంది.

తాతయ్య కోడంతా చిత్రిక పట్టి, ఆ మరక చుట్టూ మాత్రం ఉలి తగలకుండా వదిలేశాడు. బొటనవేలంత వెడల్పు. అమ్మ తుడిచింది తుడిచినట్టే ఉంది. నేను గుడ్డ కింద పెట్టి దాని మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. పుస్తకం మూసిన చప్పుడయింది.

"అది ఏమి మరక?" అంది దొరసాని.

"మాయమ్మది," అన్నాను. సున్నం సంగతి చెప్పాను, మంచం సంగతి చెప్పాను. పరాయి మనిషికి అంత మాట చెప్పడం అదే మొదలు. ఆమె అయ్యో పాపం అనలేదు. బుగ్గలు నిమరలేదు. లేచి, ఆ ఖాళీ కుర్చీ చేతిని నాకు చూపింది. చెక్కంతా లేత రంగులో ఉంటే, చివర అరచేతి మేర నల్లగా, నున్నగా మెరుస్తోంది. దొర ఏళ్ళ తరబడి చెయ్యి ఆనించి కూర్చున్న జాగా. నేను లోపలికి వంగి దాన్ని చూశాను. ఆమె కిందికి వంగి సున్నం మరకను చూసింది. అంతే. తర్వాత నేను మరక మీద నూనె పడకుండా చుట్టూ తుడిచి ఇంటికి వచ్చాను. ఆ రోజు దారిలో తాతయ్యను తిట్టుకోవడం మరిచిపోయాను.

ఆపైన శనివారం ఎప్పుడు వస్తుందా అని చూడటం మొదలైంది. ఆమె నాకు అక్షరాలు నేర్పింది, నేను ఆమెకు తెలుగు నేర్పాను. నిజం చెప్పాలంటే నేను నేర్పిందే ఎక్కువ. "కావలెను" అంటే కూరగాయలమ్మకు అర్థం కాదని, "శానా" అనడం రాకపోతే ఈ ఊళ్ళో ఏ సంగతీ సగం కూడా చెప్పలేరని ఆమెకు బోధపడేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఒక మధ్యాహ్నం మాటల్లో ఉండగా ఆమె ఆ రెండో కుర్చీ వైపు చెయ్యి చూపి, కూర్చోమంది. కూర్చున్నాను. నా కాళ్ళు నేలకు అందలేదు. నల్లటి జాగా మీద చెయ్యి పెట్టకుండా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె నా చెయ్యి తీసి దాని మీద పెట్టింది.

ఊళ్ళో కూడా ఏదో మారింది. బిందెలతో పోయే పిల్లలు నన్ను ఆపి, దొరసాని ఏం తింటుంది, ఏం మాట్లాడుతుంది అని అడిగేవారు. "తల్లి లేని పిల్ల" పోయి "దొరసాని బల్లకు నూనె పట్టే పిల్ల" అయ్యాను. శనివారం ఆటకు పిలిస్తే, నాకు పని ఉందని చెప్పడంలో ఉన్న గొప్ప వాళ్ళకు కూడా తెలిసేలా చెప్పేదాన్ని.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. ఎవరికో కొత్త బండి కావాల్సి వచ్చింది. తాతయ్య కొట్టంలో జొన్నచొప్ప వామి పక్కకు తోసి, కింద నుంచి తుమ్మదుంగలు లాగుతున్నాడు. అన్నీ ఏళ్ళనాటివి, కొడితే కంచులాగా మోగుతున్నాయి. నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన నన్ను చూసి లాగడం ఆపాడు.

"ఎండిన కట్టె లేదంటివే తాతా?" అన్నాను.

ఆయన దుంగ మీద కూర్చున్నాడు. చెమట తుడుచుకున్నాడు. తప్పించుకోవాలనుకుంటే ఊ అని ఉండేవాడు. అనలేదు.

"ఉండె మే. మంచం విప్పకుంటే నువ్వు ఆ సందులోంచి లేసేదానివి కాదు. ఆ కోళ్ళు ఇంట్లోనే ఉంటే గడప దాటేదానివి కాదు."

"నూనె?"

"ఏడాదికోసారి పట్టిస్తే అదే శానా."

నేను కోప్పడదామనుకున్నాను, రాలేదు. అప్పుడు ఆయన, జీవితంలో నాతో మాట్లాడినవన్నీ కలిపితే ఎంతో అంత పొడుగు మాట మాట్లాడాడు. "జాలిపడేటోళ్ళకేం మే, ఊరంతా ఉండారు. ఈ పని నేను పోకుంటే కాదు అనేది ఒకటుండాల మనిసికి. ఆయమ్మకు తోడు పంపిస్తానంటే వద్దంటాది. నువ్వూ పోనంటావు. పని పంపిస్తే ఇద్దురూ కాదనరు." దుంగను అరచేత్తో తడిమి, "నాకు మాటలు రావు గదా. పనే వచ్చు," అన్నాడు. పోయింది ఆయన కూతురని, ఆ మంచం విప్పుతున్నప్పుడు ఆయన చేతులకూ ఏదో అయి ఉంటుందని నాకు అప్పుడు తట్టింది. పోయి దుంగకు రెండో కొస పట్టుకున్నాను. వద్దనలేదు.

ఏడాదికోసారి చాలని దొరసానికి నేను చెప్పలేదు. ఆమెకు ముందే తెలుసేమో కూడా. యుద్ధం అయిపోయి ఓడలు తిరగడం మొదలయ్యేదాకా ఒక్క శనివారం తప్పకుండా ఆ బల్లకు నూనె పట్టించాను. వాళ్ళ దేశానికి పోయేటప్పుడు ఆమె ఇంట్లో సామానంతా పంచిపెట్టి, ఆ బల్లను మాత్రం గోనెపట్టలో చుట్టించి బండి ఎక్కించింది. మా అమ్మ సున్నం మరక సముద్రం దాటింది. ఎద్దులాడం రెండు ముక్కలూ దాటాయి. రెండో కుర్చీని నాకు ఇచ్చింది. బండి కర్నూలు బాట పట్టాక దుమ్ము అణిగేదాకా నేను ఆ కుర్చీ పక్కన నిలబడే ఉన్నాను. తాతయ్య వచ్చి, కుర్చీని నాతోనే మోయించుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

ఆ కుర్చీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చేతి చివరి నల్లటి జాగాలో దొరది ఎంతో, నాది ఎంతో ఇక చెప్పలేం.

మొన్నీమధ్య మా పక్కింటావిడ భర్త పోయాడు. నెల తిరిగింది. చూడవచ్చేవాళ్ళు రావడం ఆపేశారు. ఆమె తలుపు వేసుకుని కూర్చుంటోంది, పలకరిస్తే బాగున్నానంటోంది. నిన్న నేను చాటలో బియ్యం పోసుకుని వాళ్ళ తలుపు తట్టాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడటం లేదు తల్లీ, ఈ రాళ్ళు కాస్త ఏరిపెట్టు, వారానికి ఒకసారి చాలు, నాకు ఇంకెవరున్నారు అన్నాను. ఆమె విసుక్కోకుండా, ఇష్టంగానూ కాకుండా, నా వెంట వచ్చింది. ఆ కుర్చీలో కూర్చోబెట్టాను. చాట ఒళ్ళో పెట్టుకుని తల వంచింది. కాసేపటికి, ఈ బియ్యం ఎక్కడ కొన్నారు పెద్దమ్మా, ఇన్ని రాళ్ళున్నాయేం అంది. ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది.

రాళ్ళు నేనే కలిపాను. కళ్ళజోడు నా కొంగుముడిలో ఉంది.